వోలటైల్ పెట్టాం కదా, ఇంకా హ్యాంగ్ ఎందుకు?

గ్రాఫిక్స్ డ్రైవర్ ఎక్స్86 డెస్క్‌టాప్ మీద నెలల తరబడి నిక్షేపంలా నడుస్తుంది. అదే సీ కోడ్‌ని ఆర్మ్ బోర్డుకి కంపైల్ చేస్తే ఒక్క వార్నింగూ రాదు. కానీ గంటకోసారి జీపీయూ హ్యాంగ్. టీమ్‌లో ఒక సీనియర్ అడుగుతాడు: "ఆ పాయింటర్‌కి వోలటైల్ పెట్టారా?" పెడతారు. టైమింగ్ కాస్త మారి, హ్యాంగ్ రెండు రోజులకోసారి వస్తుంది. తగ్గింది కదా అని విడుదల చేసేస్తారు. గంటకోసారి వచ్చే బగ్‌ని పట్టుకోవచ్చు. కస్టమర్ దగ్గర రెండు రోజులకోసారి వచ్చేదాన్ని పట్టుకోవడం మాత్రం నరకం. ఈ అపోహ చేసే అసలు నష్టం అదే.

వోలటైల్ హార్డ్‌వేర్ కోసమే ఉందని అమీర్‌పేట ఇంటర్వ్యూ నోట్సు దగ్గర్నుంచి అందరూ వల్లె వేస్తారు. సీ ప్రమాణం ఇచ్చిన హామీ అంతకంటే చాలా చిన్నది. వోలటైల్ అని ప్రకటించినవాటిని చదివే, రాసే పనులను కంపైలర్ ఎగరగొట్టదు, వాటిలో వాటి వరుస మార్చదు. అంతే. పక్కనున్న మామూలు వేరియబుల్ రాత వాటిని దాటి కిందికి జారినా ప్రమాణానికి అభ్యంతరం లేదు. ఇక ఆ ఇన్‌స్ట్రక్షన్లను ప్రాసెసర్ ఏ వరుసలో బయటికి పంపుతుందో కంపైలర్ చేతిలోనే లేదు.

డ్రైవర్ చేసే పని ఏమిటి? మెమరీలో ఉన్న రింగ్ బఫర్‌లో కమాండ్లు రాసి, ఆపైన డోర్‌బెల్ రిజిస్టర్‌లో కొత్త స్థానం రాస్తుంది. బెల్ మోగగానే జీపీయూ వచ్చి రింగ్ చదువుకుంటుంది. ఎక్స్86లో మామూలు మెమరీకి చేసిన స్టోర్లు రాసిన వరుసలోనే బయటికి కనిపిస్తాయి కాబట్టి తప్పు కోడ్ కూడా గట్టెక్కుతుంది. ఆర్మ్ అలాంటి మాట ఎవరికీ ఇవ్వలేదు. అక్కడ డోర్‌బెల్ ముందు చేరి, కమాండ్లు వెనక రావచ్చు. విస్తట్లో వడ్డించకముందే భోజనానికి పిలిచినట్టు. జీపీయూ పాత డేటానే కమాండ్ అనుకుని మింగేస్తుంది. రింగ్‌కీ రిజిస్టర్‌కీ రెండింటికీ వోలటైల్ తగిలించినా ఇది ఆగదు.

అక్కడ కావలసింది బ్యారియర్: ముందు రాసినవి చేరాకే తర్వాతివి పంపమని ప్రాసెసర్‌కి ఇచ్చే ఆజ్ఞ. లినక్స్‌లో రిజిస్టర్ రాయడానికి రైట్ఎల్ ఫంక్షన్ వాడితే, అంతకుముందు మెమరీలో రాసినవి డివైజ్‌కి కనబడ్డాకే రిజిస్టర్ రాత వెళ్లేలా అది చూసుకుంటుంది. రైట్ఎల్ రిలాక్స్‌డ్ వాడితే ఆ బాధ్యత మీదే. ఆ ఫంక్షన్ల లోపల వోలటైల్ ఉంటుంది, నిజమే. ఉండాల్సిన చోటు కూడా అదే. డ్రైవర్ కోడ్‌లో దాన్ని చల్లుకోవద్దని చెప్పడానికే కర్నెల్ డాక్యుమెంటేషన్‌లో ఒక ప్రత్యేక పత్రం ఉంది. చదివేవాళ్లు తక్కువ, అంతే.

బ్యారియర్‌తో కథ ముగియదు. చాలా ఆర్మ్ చిప్‌లలో జీపీయూకి సీపీయూ క్యాష్ కనబడదు. మీరు రాసింది క్యాష్‌లో ఉంటుంది, జీపీయూ డీర్యామ్‌లో వెతుక్కుంటుంది. డీఎంఏ సింక్ ఫంక్షన్లు అందుకే ఉన్నాయి. పీసీఐ బస్సు మీద రిజిస్టర్ రాతలు దారిలో కాసేపు ఆగుతాయి కూడా. రీసెట్ బిట్ రాశాక, పది మైక్రోసెకన్లు ఆగడం మొదలుపెట్టే ముందే ఆ డివైజ్‌లోని ఏదో ఒక రిజిస్టర్‌ని వెనక్కి చదవాలి. 2020లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై కంప్యూట్ మాడ్యూల్ 4కి పీసీఐ ఎక్స్‌ప్రెస్ దొరకగానే ఔత్సాహికులు ఏఎండీ కార్డులు తగిలించి చూశారు. డెస్క్‌టాప్‌లలో ఏళ్ల తరబడి నడిచిన డ్రైవర్లు అక్కడ కుదేలయ్యాయి. డివైజ్ మెమరీలోకి మామూలు మెమ్‌కాపీ చేయడం కూడా ఎక్స్86లో చెల్లిపోయే ఇలాంటి అలవాటే. అలైన్‌మెంట్ తప్పిన యాక్సెస్‌ని అలాంటి మెమరీ మీద ఆర్మ్64 ఒప్పుకోదు, నేరుగా ఫాల్ట్ ఇస్తుంది.

సీ11 అటామిక్స్ వాడితే సరిపోతుందంటారు కొందరు; అవి థ్రెడ్ల మధ్య ఒప్పందం, జీపీయూ అందులో సంతకం పెట్టలేదు.

మిగతా అపోహలకి ఇంత చోటు దండగ. 64 బిట్ల మెషీన్‌లో లాంగ్ 64 బిట్లే అనుకునేవాళ్లు విండోస్ చూడలేదు. అక్కడ అది 32. పేజీ సైజు 4096 అని రాసేసినవాళ్లు ఆపిల్ ఎం1 మీద 16 కేబీ చూసి ఆశ్చర్యపోతారు. రిజిస్టర్‌కి బిట్‌ఫీల్డ్ స్ట్రక్ట్ అందంగానే ఉంటుంది, కానీ బిట్లు ఏ వైపు నుంచి పేర్చాలో కంపైలర్ ఇష్టం. షిఫ్ట్, మాస్క్ వాడండి. యూజర్ ప్రోగ్రామ్ డ్రైవర్‌కి పంపే ఐఓసీటీఎల్ స్ట్రక్ట్ మాత్రం ఒకసారి విడుదలయ్యాక మార్చలేరు కాబట్టి ముందే జాగ్రత్త పడాలి. 64 బిట్ల పూర్ణాంకాన్ని 32 బిట్ల ఎక్స్86 ప్రోగ్రామ్ నాలుగు బైట్ల హద్దున పెడుతుంది, 64 బిట్ల కర్నెల్ ఎనిమిదింటి దగ్గర వెతుకుతుంది. ప్యాడింగ్ మీరే రాయండి, దాన్ని సున్నా చేయండి, పాయింటర్లను 64 బిట్ల పూర్ణాంకాలుగా పంపండి.

ఇక "అన్ని ఓఎస్‌లకీ కలిపి ఒకే హార్డ్‌వేర్ లేయర్ రాసేస్తే చాలు" అనే మాట. 2016 డిసెంబరులో ఏఎండీ డిస్‌ప్లే కోడ్‌ని లినక్స్ గ్రాఫిక్స్ మెయింటెయినర్ డేవ్ ఎయిర్లీ ఈ కారణంతోనే తిప్పికొట్టారు. కర్నెల్‌లో ఉన్న సౌకర్యాలను వదిలేసి, సొంత లోకం కట్టుకోవడం కుదరదన్నారు. అయితే ఒక మాట ఒప్పుకోక తప్పదు. ఆ కోడే చాలా మార్పుల తర్వాత లినక్స్ 4.15లో చేరింది. ఎన్విడియా 2022లో బయటపెట్టిన కర్నెల్ మాడ్యూళ్లలోనూ ఓఎస్‌తో సంబంధం లేని భాగం వేరు, కర్నెల్‌ని అంటుకునే పొర వేరు. కాబట్టి పొర తప్పు కాదు, లావెక్కిన పొర తప్పు. రిజిస్టర్, మెమరీ, ఆలస్యం, లాక్ — ఈ నాలుగింటికీ చిన్న ఫంక్షన్లు పెట్టి, ప్రతి ఓఎస్‌లో దాని సొంత సాధనాలకే అప్పగించండి. మిగతా లెక్కలన్నీ మామూలు సీలో రాసుకోండి.

రివ్యూకి పంపేముందు ఒక ఆర్మ్ బోర్డు మీద, వీలైతే క్యాష్ కలవని దాని మీద, రాత్రంతా నడపండి. బోర్డు లేకపోతే రీడ్‌మీలో "ఎక్స్86కి మాత్రమే" అని రాసేయండి. అదేం నామోషీ కాదు.