చెవుడుకు, ఉప్పుకు లింకేంటి? చింతపల్లి ఏజెన్సీ తల్లులు తప్పక తెలుసుకోవాల్సిన విషయం

వినికిడి సమస్య అనగానే అందరూ చెవి చూపించుకోవడానికే పరిగెడతారు. కానీ కొన్నిసార్లు అసలు సమస్య గొంతు దగ్గర ఉంటుంది. అక్కడ సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్ గ్రంథి సరిగ్గా పనిచేయకపోతే ఆ దెబ్బ చెవి మీద కూడా పడుతుంది.

థైరాయిడ్ హార్మోన్ తయారవ్వాలంటే అయోడిన్ కావాలి. కొండ ప్రాంతాల్లో ఏళ్ల తరబడి కురిసే వానలకు మట్టిలోని అయోడిన్ కొట్టుకుపోతుంది. ఆ నేలలో పండే గింజల్లో, కూరగాయల్లో కూడా అది తక్కువే. తూర్పు కనుమల్లోని చింతపల్లి లాంటి చోట్ల గాయిటర్, అంటే గొంతు వాపు, పాత సమస్య కావడానికి ఇదే ముఖ్య కారణం.

గొంతు వాపు పైకి కనిపిస్తుంది. కడుపులో బిడ్డకు జరిగే నష్టం కనిపించదు. మొదటి మూడు నెలలు బిడ్డకు సొంతంగా థైరాయిడ్ హార్మోన్ తయారుకాదు, తల్లి నుంచి అందాల్సిందే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కాక్లియా రూపుదిద్దుకోవడం మొదలయ్యేదీ అప్పుడే. ఆ సమయంలో తల్లికి అయోడిన్ మరీ తక్కువైతే బిడ్డ చెవుడుతో పుట్టొచ్చు, మాట రాకపోవచ్చు, బుద్ధి ఎదుగుదల మందగించొచ్చు. తర్వాత ఎన్ని మాత్రలు వేసినా ఆ నష్టం పూర్తిగా పూడదు. మామూలు మనిషికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ సరిపోతే, గర్భిణికి 250 కావాలి.

అది అందే తేలికైన దారి ఉప్పే. అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మకూడదని 2006 నుంచి దేశమంతా నిషేధం ఉంది. అయినా సంతలో గళ్ల ఉప్పు చవగ్గా దొరికితే కొనేస్తారు, కొనేవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. ప్యాకెట్ మీద 'అయోడైజ్డ్' అని ఉందో లేదో చూసుకోవాలి. ఉప్పును పొయ్యి పక్కన మూత లేకుండా పెడితే అయోడిన్ తగ్గిపోతుంది. కూరలో చివర్లో వేస్తే మేలు.

పెద్దవాళ్లలోనూ థైరాయిడ్ తగ్గితే వినికిడి మందగించొచ్చు, చెవిలో గుయ్‌మని మోత రావొచ్చు. షుగర్ కూడా తక్కువేం కాదు. అది లోపలి చెవిలోని సన్నని రక్తనాళాలను దెబ్బతీస్తుంది. షుగర్ ఉన్నవాళ్లలో వినికిడి లోపం దాదాపు రెట్టింపు ఉన్నట్టు అమెరికాలో 2008లో వచ్చిన ఓ అధ్యయనం తేల్చింది.

ఇక పిల్లల విషయంలో వాయిదా పనికిరాదు. పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడకపోయినా, ఏడాది నిండినా పిలిస్తే తిరిగి చూడకపోయినా అనుమానించాల్సిందే. "వాళ్ల నాన్నకీ మాటలు లేటుగానే వచ్చాయిలే" అనుకుంటూ కూర్చుంటే విలువైన సమయం పోతుంది. పుట్టిన కొద్ది రోజుల్లో మడమ నుంచి తీసే రక్తపు చుక్కతో థైరాయిడ్ లోపం తెలుస్తుంది. వినికిడి పరీక్ష నెలలోపు, అవసరమైన వాళ్లకు చికిత్స ఆరు నెలల్లోపు మొదలవ్వాలి.

చింతపల్లి నుంచి ఘాట్ రోడ్డు దిగి విశాఖ ఈఎన్‌టీ ఆస్పత్రికి వెళ్లిరావడమంటే ఓ రోజు కూలి పోయినట్టే. అందుకే ముందు ఊళ్లోని ఆశా కార్యకర్తకు గానీ, అంగన్‌వాడీలో గానీ చెప్పాలి. పుట్టుకతో వచ్చే చెవుడు సహా పిల్లల సమస్యలను 18 ఏళ్ల వరకు ఉచితంగా పరీక్షించి, పెద్దాస్పత్రికి పంపే ఆర్‌బీఎస్‌కే పథకం 2013 నుంచే అమల్లో ఉంది.