శంషాబాదు తెలియని విమానము

2006వ సంవత్సరమున మైక్రోసాఫ్ట్ సంస్థ వెలువరించిన 'ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్' అను ప్రోగ్రామును కంప్యూటరులో నెలకొల్పుకొని, హైదరాబాదునకు విమానము నడపదలచినవాడు బేగంపేటలోనే దిగవలసి యుండెను. అందు తప్పేమియు లేదు. అప్పటికి నగరమునకు బేగంపేటయే ప్రయాణికుల విమానాశ్రయము. కాని 2008 మార్చి 23వ తేదీన శంషాబాదులోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము పని ప్రారంభించినది. నిజమైన విమానములు తరలిపోయినవి. కంప్యూటరులోని లోకము మాత్రము కదలలేదు. 4,260 మీటర్ల పొడవున పరచిన కొత్త పరుగుబాట ఉన్నచోట ఆ లోకమున ఉట్టి నేల మాత్రమే మిగిలినది.

లోకము మారినప్పుడు లోకానుకరణ ఎట్లు మారవలయును? ప్రోగ్రామును నిర్మించినవారు వచ్చి మార్చువరకు వేచియుండవలయునా? లేక బయటివారు దానికి కొత్త అంగమును అతికింపవచ్చునా? సిమ్యులేటరును బాహ్య ప్రోగ్రాములతో అనుసంధించు విద్య యావత్తును ఈ ప్రశ్ననుండియే పుట్టినదని చెప్పవచ్చును.

ఈ విద్య కంప్యూటరుకన్న పాతది. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనునతడు తన తండ్రి నడిపిన ఆర్గాను వాద్యముల కర్మాగారమున దొరకిన తోలుతిత్తులతో, గాలి పంపులతో ఒక కదలని విమానమును కల్పించెను. 1929లో దానికి పేటెంటు కోరెను. మొదట అది సంతలలో వినోదవస్తువుగానే చెల్లినది. 1934లో తపాలా మోయు సైనిక వైమానికులు మబ్బులలో దారి తప్పి వరుసగా మరణించుటతో, అమెరికా సైన్యము అట్టి యంత్రములను ఆరింటిని కొన్నది. ఆ యంత్రమున గమనింపదగిన భాగమొకటి గలదు. శిష్యుడు మూసిన పెట్టెలో కూర్చుండి నడుపుచుండగా, వెలుపల గురువు బల్లమీద మూడు చక్రముల చిన్న బండి పటముపై సిరాతో ఆతని దారిని గీయుచుండెను. దానికి 'పీత' అని ముద్దుపేరు. పెట్టెలోని సంగతి పెట్టె వెలుపల మరియొక పనిముట్టునకు తెలియుట అన్న భావము అచ్చటనే మొలకెత్తినది.

నేటి సిమ్యులేటరులో ఆ సిరా బండి స్థానమును సంఖ్యలు ఆక్రమించినవి. విమానముయొక్క వేగము, ఎత్తు, దిక్కు, చక్రముల స్థితి మొదలగునవన్నియు కంప్యూటరు జ్ఞాపకస్థానములలో అంకెలుగా ఉండును. కాని ఏ అంకె ఎచ్చట నున్నదో బయటివానికి తెలియదు. తెలిసినను, ప్రోగ్రాము కొత్త కూర్పు వెలువడిన ప్రతిసారియు ఆ స్థానములు మారిపోవుచుండెను. ఈ చిక్కును తీర్చినవాడు పీటర్ డౌసన్. ఆతడు రచించిన ఎఫ్.ఎస్.యు.ఐ.పి.సి. అను ప్రోగ్రాము, వెనుకటి కుంఫిణీ కాలమున దొరకును రైతునకును నడుమ నిలిచిన దుబాసి వంటిది. లోపలి అమరిక ఎట్లు మారినను, బయటివారికి మారని ఒక పట్టికను అది చూపును. ఆ పట్టికలో ఒక నియతస్థానమున విమానవేగము ఉండును. అదియు నాట్లను 128తో హెచ్చించిన సంఖ్యగా. 140 నాట్ల వేగమచ్చట 17,920గా కనిపించును. ఈ కొలమానము తెలియని బాహ్య ప్రోగ్రాము ఆ అంకెను ఉన్నదున్నట్లు వేగముగా చదివినచో ఫలితము హాస్యాస్పదము కాక తప్పదు.

2006లో మైక్రోసాఫ్ట్ తానే 'సిమ్‌కనెక్ట్' అను ద్వారమును తెరచినది. బాహ్య ప్రోగ్రాము ఆ ద్వారముకడ నిలిచి, తనకు కావలసినదానిని పేరుతో, కొలమానముతో సహా అడుగవచ్చును. ఎక్స్-ప్లేన్ అను మరియొక సిమ్యులేటరు తన అంకెలను నెట్‌వర్కు మీదుగా ప్రక్క కంప్యూటరునకు పంపగలదు. ఫ్లైట్‌గేర్ అందరికిని ఉచితము. దాని మూలగ్రంథమే బహిరంగము. అందు ప్రతి గుణమును కొమ్మలు రెమ్మలుగా అమర్చినందున ఎవరైనను చదివి తెలిసికొనవచ్చును. దీనిచేత కొయ్యపలకమీద మీటలు బిగించి సొంతముగా కాక్‌పిట్టు కట్టుకొనువారును, చేతిఫోనులో కదలు పటమును చూచుకొనువారును ఒకే విమానముతో మాటలాడగలుగుచున్నారు.

అయితే మాటలాడుట వేరు, ఏకాభిప్రాయముతో మాటలాడుట వేరు. శంషాబాదునే తీసికొందము. పాత సిమ్యులేటరునకు ఒకరు విమానాశ్రయ దృశ్యమును చేర్తురు. ఆకాశమార్గముల వివరములు ఇంకొకచోటనుండి వచ్చును. అవి ప్రపంచమంతట 28 దినములకొకమారు మారుచుండును. వాతావరణమును మూడవ ప్రోగ్రాము తెచ్చును. విమానాశ్రయము సముద్రమట్టమునకు 2,024 అడుగుల ఎత్తున ఉన్నది. దృశ్యమును చేర్చినవాడు ఆ ఎత్తును పాటించి, చుట్టునున్న దక్కను నేలను చెక్కినవాడు వేరొక ఎత్తును పాటించినచో, పరుగుబాట గుంటలోనో దిబ్బమీదనో తేలును. ఎవరి లెక్క వారికి ఒప్పే, కలిపిననే తప్పు.

గాలి ఒత్తిడి విషయము ఇంతకంటె సూక్ష్మము. ఎత్తుమాపకము కొలుచునది ఎత్తును కాదు, ఒత్తిడిని. ఒక హెక్టోపాస్కలు తేడాకు సుమారు 28 అడుగుల తేడా వచ్చును. సిమ్యులేటరులోని గాలి 1006గా ఉండగా, వాతావరణ ప్రోగ్రాము 1016 అని చెప్పినదనుకొందము. దానిని నమ్మి మాపకమును సరిచేసినవాడు తానున్న ఎత్తుకన్న సుమారు 280 అడుగులు పైన ఉన్నట్లు భ్రమించును. నేలకు ఇంకను 200 అడుగులున్నవని మాపకము చూపకముందే చక్రములు నేలను తాకును. తోలుబొమ్మలాటలో పాట ఒక తాళమున, మద్దెల ఒక తాళమున నడచినచో బొమ్మ చేయి ఎత్తవలసినచోట దించును. చూచువారు నవ్వుదురు, అంతటితో సరి. విమానవిద్య నేర్చువానికి మాత్రము అది అలవాటుగా మిగిలిపోవును.

అలవాటు అన్నందుననే ఈ విషయమునకు ఇంత గౌరవము. నిజమైన విమానమున ఒక గంట గడుపుటకగు వ్యయము మధ్యతరగతి కుటుంబమునకు భారము. ఇంటి సిమ్యులేటరున గడపిన గంటలు లైసెన్సు లెక్కలోనికి రావు; దానికి ప్రభుత్వము ఆమోదించిన యంత్రములే కావలయును. ఇండియన్ ఎయిర్‌లైన్స్ సంస్థ హైదరాబాదులో నెలకొల్పిన కేంద్ర శిక్షణ సంస్థలో వైమానికులు సాధన చేసినవి అట్టి యంత్రములే. అయినను వరుసక్రమము, పరిభాష, సంభాషణ ఇంటిలోనే అలవడగలవు. 2001లో ఏర్పడిన వాట్సిమ్ అను ప్రపంచవ్యాప్త సంఘమున స్వచ్ఛందముగా నియంత్రకులై కూర్చుండువారు, ఇండ్లనుండి విమానములు నడుపువారికి నిజమైన రీతిలో అనుమతులిత్తురు. అచ్చట ఒకని ఎత్తు మరియొకనికి వేరుగా కనిపించినచో, ఆకాశము ఒకటి కాక రెండైపోవును.

కనుక అనుబంధములను చేర్చుకొనువారికి కొన్ని నియమములు తప్పవు. ఒక పనికి ఒక్క ప్రోగ్రామే అధికారి కావలయును. వాతావరణమును ఇద్దరు శాసింపరాదు. కొత్త అంగమును ఒక్కొక్కటిగా చేర్చి, పరీక్షించి, తరువాతనే రెండవదానిని చేర్పవలయును. చదువుటకు మాత్రమే వచ్చు ప్రోగ్రామునకును, వ్రాయుటకు కూడ అధికారము కోరు ప్రోగ్రామునకును భేదము నెరుగవలయును. రెండవది చుక్కానిని పట్టుకొనునది. కర్త ఎవరో తెలియనిదానికి ఆ అధికారము నీయరాదు. ఇంటి పటముల నాధారము చేసికొని నిజమైన ఆకాశమున ఎన్నడును ఎగురరాదు.

2020 ఆగస్టు 18న వెలువడిన కొత్త ఫ్లైట్ సిమ్యులేటరులో ఉపగ్రహ ఛాయాచిత్రములతో 37,000కు పైగా విమానాశ్రయములు చేరినవి. శంషాబాదునకును అందు చోటు దొరకినది. అయినను అనుబంధముల అవసరము తీరలేదు. నేల కదలకున్నను నేలమీది మనుష్యుడు కట్టుచునే యుండును, కూల్చుచునే యుండును. మూసిన పెట్టెలో ఎంత చక్కని లోకమును చిత్రించినను, దానికొక కిటికీ లేనిదే అది నిన్నటి లోకముగానే నిలిచిపోవును.