ఇల్లు మారునప్పుడు ఏమి విడువవలెను?

ఉపాధ్యాయులకు ఇల్లు మారుట క్రొత్త గాదు. బదిలీ ఉత్తరువు చేతికి వచ్చిన దినమున మొదట కలుగు చింత క్రొత్త బడిని గూర్చినది కాదు, అటకమీది సామానును గూర్చినది. శ్రీకాకుళమునుండి విజయనగరమునకు దారి సుమారు 70 కిలోమీటర్లే. ఐనను లారీవాడు దూరమును మాత్రమే చూచి బాడుగ చెప్పడు; ఇంటిలోనికి తొంగిచూచి చెప్పును. మన జిల్లాలో ఉద్యోగరీత్యా ఊళ్లు మారువారే గాక, హిరమండలము నొద్ద వంశధార జలాశయము కొరకు సొంత పల్లెలనే విడిచిన కుటుంబములును కలవు. కావున ఈ విషయము కొందరికైనను ఉపయోగపడునని తలంచుచున్నాము.

మొదట పట్టవలసినది అటక. పాత ఉత్తరములతోను ఫొటోలతోను ఆరంభించినవారు సాయంకాలము వరకు వానిని చూచుచు కూర్చుందురే గాని పని సాగదు. అటకమీదివి అనేక సంవత్సరములు కంటికి కానరాకున్నను మనకు లోటు కలిగింపలేదు గనుక వానిని విడుచుట సులభము. చేతికి అలవాటు కుదురును. పిదప వంటయిల్లు, ఆ వెనుక బట్టలు, తుదకు కాగితములు. దీనికి నెల దినములైనను గడువు ఉండవలెను. బండి వాకిట నిలిచిన తరువాత ఏరుట సాధ్యము కాదు. అప్పుడు సర్వము మూటగట్టుటయో, సర్వము పారవేయుటయో జరుగును.

"ఇది ఎప్పుడైనను పనికి వచ్చునా?" యని అడుగుట మన యిండ్ల వాడుక. ఈ ప్రశ్న వలన ఏదియు గడప దాటదు. విరిగిన గొడుగు కమ్మి సైతము ఎప్పుడో యొకప్పుడు పనికి వచ్చునట్లే తోచును. "ఇది పోయినయెడల మరల దొరకునా?" యని అడుగుట మేలు. ప్లాస్టికు బకెట్లు, చాపలు, సీసాలు ఏ సంతలోనైనను దొరకును. బుడితి కంచరివారు చేసిన ఇత్తడి గిన్నె అట్టిది కాదు. రంగు మాసినదని, కళాయి పోయినదని దానిని పాతసామానువానికి తూకమున ఇచ్చువారు కలరు. మరల అట్టిదానిని కొనబోయినప్పుడు, తమకు వచ్చిన సొమ్ము చాలదని వారు తెలిసికొందురు. చింతపండుతో తోమి, కళాయి పూయించిన, అది మరియొక తరమునకు వచ్చును. రుబ్బురోలు విషయమున మాత్రము మా యింట ఏకాభిప్రాయము కుదరలేదు. మిక్సీ వచ్చిన పిదప దానిపై ఎవరును చేయి వేయకున్నను మా తల్లిగారు విడువనియ్యలేదు. అది యిప్పుడు వాకిట పూలకుండికి పీటయై యున్నది.

బట్టలలో ఇయ్యదగినవానిని ఉతికి, బొత్తాములు కుట్టి, మడిచి ఇయ్యవలెను. హాస్టలు పిల్లలకని వచ్చిన యొక మూటలో చేతులు ఊడిన చొక్కాలు చూచి మేము సిగ్గుపడితిమి. చిరిగిన చీరలు బొంతకు పనికివచ్చును. గడువు దాటిన మందులు ఎవరికిని ఇయ్యరాదు. పాత సెల్‌ఫోను అమ్మునప్పుడు అందలి ఫొటోలను, బ్యాంకు వివరములను ముందుగా తీసివేయవలెను.

ఇక కాగితములు. ఇది మా వృత్తివారి జబ్బు. ట్రెయినింగు కాలేజీలో వ్రాసిన పాఠ్యపథకములను ఇరువది యేండ్లు ఇంటినుండి యింటికి మోసితిమి, ఒక్కనాడును విప్పలేదు. తుదకు వానిని తూకమునకు వేసినప్పుడు మాకు దుఃఖము కలుగలేదు. కాని కాగితములయెడ తొందరయు కీడే యని మా నష్టమువలన నేర్చుకొంటిమి. కొన్ని యేండ్ల క్రిందట సంక్రాంతికి ముందు ఇల్లు మారుచుంటిమి. భోగి మా యింటి పండుగ కాదు. ఐనను వీధిపిల్లలు మంటకు పాత కొయ్య అడుగవచ్చినప్పుడు, చెదలు పట్టిన యొక పెట్టెను సంతోషముతో ఇచ్చితిమి. మూత యెత్తి చూడలేదు. దాని అడుగున మా అమ్మమ్మగారి చిన్న పుస్తకము ఉండెనని, మరునాడు మా తల్లిగారు వెదకునప్పుడు తెలిసెను. అమ్మమ్మగారు బైబిలు స్త్రీగా పనిచేసిరి. కాలినడకన తాము పోయిన పల్లెల పేర్లు, తమయొద్ద చదువ నేర్చిన స్త్రీల పేర్లు అందు వ్రాసికొనిరి. బడి సర్టిఫికెట్టు పోయినచో దరఖాస్తు పెట్టి నకలు పొందవచ్చును. రిజిస్టరైన దస్తావేజునకు సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున నకలు దొరకును. ఆ పుస్తకమునకు నకలు ఏ కచేరీలోను లేదు. మా తల్లిగారు మమ్మును ఒక మాటయు అనలేదు. అదియే మాకు మరింత బరువైనది.

ఇట్టి సమయమున గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు తలపునకు వత్తురు. వారు 1863లో శ్రీముఖలింగము చెంత పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, సవరల భాషను సవరలనుండియే నేర్చి, దాని పదములను కూర్చిరి. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందు చేరగా, 72 ఏండ్ల ప్రాయమున ఆ యూరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. వారి సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయినది 1938లో. (వాడుకభాషకై పోరాడిన ఆ మహనీయులు ఈ వ్యాసపు భాషను చూచినయెడల మమ్మును తప్పక మందలించియుందురు.) అడవిపల్లెలలో జనుల నోటినుండి ఏరిన మాటలు గల కాగితము, పాతసామానువాని త్రాసులో ఇతర కాగితమువలెనే తూగును గదా!

నాటినుండి మా యింట ప్రతి కాగితమును విప్పి చూచిన పిమ్మటనే తూకమునకు వేయుదుము. ఉంచవలసినవానిని ప్లాస్టికు సంచిలో చుట్టి రేకుపెట్టెలో పెట్టుదుము. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు కప్పులు ఎగిరిపోయిన యిండ్లను చూచినవారికి ఈ జాగ్రత్త అధికముగా తోపదు. సంవత్సరమునకొకమారు పెట్టె తెరచి, చెమ్మ చేరెనేమో చూచి, కలరా ఉండలు మార్చవలెను. ఈ పెట్టె లారీలో పోరాదు. మన చేతిలో రావలెను.

విద్యార్థులారా, ఫొటోల పని మీరు చేయదగినది. ఫొటోలో ఉన్నవారెవరో తాత అవ్వలను అడిగి, వెనుకవైపున పెన్సిలుతో పేరును సంవత్సరమును వ్రాయుడు. సిరా అవతలికి ఊరును.

మొన్న వేసవి సెలవులలో మేము ఒక క్రొత్త నోటుపుస్తకము తీసికొని మా తల్లిగారి ప్రక్కన కూర్చుంటిమి. అమ్మమ్మగారు నడచిన పల్లెలలో తొమ్మిదింటి పేర్లు ఆమెకు జ్ఞప్తికి వచ్చినవి. చదువ నేర్చిన స్త్రీలలో ఇద్దరి పేర్లు మాత్రమే చెప్పగలిగిరి. మిగిలిన పుట ఖాళీగా ఉంచితిమి.