ముట్టుకుంటే చల్లన, తిప్పితే పొగలు

ఉట్నూరు నుంచి ఒక పాఠకుడు రాశారు: "స్లాబు మీద సోలార్ గీజరు పెట్టించినం. డిసెంబరుల పొద్దుగాల పోయి చూస్తే అద్దపు గొట్టాల మీద మంచు పడ్డది, ముట్టుకుంటే జివ్వుమంటున్నది. నల్లా తిప్పితే మాత్రం నీళ్లు పొగలు కక్కుతున్నయి. గొట్టాలు ఖరాబైనయా? దీనికి, ఎండకాలం స్లాబు కాలకుండ ఏమన్న చేయించుకుంటే దానికి, సర్కారు సబ్సిడీ వస్తదా?"

సబ్సిడీ సంగతి చివర్లో చూద్దాం. ఆ చల్లని గొట్టం ప్రశ్న నన్ను వదలడం లేదు.

గొట్టాలు ఖరాబు కాలేదు. బయట చల్లగా ఉన్నాయంటేనే నిక్షేపంగా ఉన్నట్టు. గీజరు పనితీరు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఎండకు గొట్టంలో నీళ్లు వేడెక్కి, తేలికై, పైనున్న ట్యాంకులోకి ఎక్కుతాయి. ట్యాంకులోని చల్లనీళ్లు వాటి చోటికి దిగుతాయి. మోటారు అక్కర్లేదు.

అసలు కథంతా గొట్టం గోడలో ఉంది. అది ఒక గాజు గొట్టం కాదు, రెండు. సాధారణంగా బయటిది 58 మిల్లీమీటర్లు, లోపలిది 47. మధ్యలో గాలి తీసేస్తారు. వేడి పారిపోయే దారులు మూడు. వాటిలో వహనానికీ సంవహనానికీ పదార్థం కావాలి, ఇక్కడ అది లేదు. కాబట్టి లోపలి వేడి సంగతి బయటి గాజుకు దాదాపు తెలియదు. దానికి తెలిసింది ఆకాశమే. పొడిగా, మబ్బు లేకుండా ఉన్న రాత్రి తన వేడిని పరారుణ కిరణాలుగా ఆకాశానికి వదిలి, గాలికంటే చల్లబడి మంచు పట్టించుకుంటుంది. అర్లి(టి), గిన్నెధరి లాంటి ఊళ్లు ఏటా చలికి పేపర్లకెక్కడానికీ కారణం ఇదే. నేల వేడిని ఆపే మబ్బూ తేమా ఉండవు. అయితే ఆ ఆకాశం పగటి ఎండనూ ఆపదు! రాత్రి వణికించిన ఆకాశమే పగలు నీళ్లు కాచిపెడుతుంది.

జంట గోడల మధ్య శూన్యం ఉంచిన ఈ పాత్ర 1892లో జేమ్స్ డ్యూయర్ చేసింది. ద్రవరూపంలోని వాయువులను నిలవ ఉంచుకోవడానికి చేసుకున్నాడు, పేటెంటు తీసుకోలేదు. తర్వాత జర్మనీవాళ్లు దాన్నే థర్మాస్ అని అమ్మితే కోర్టుకెక్కి ఓడిపోయాడు పాపం. ఆయన గోడలకు వెండి పూత వేశాడు. ఎందుకంటే మూడో దారి అయిన వికిరణం శూన్యాన్ని లెక్కచెయ్యదు. కానీ గీజరు గొట్టానికి వెండి పూస్తే ఎండ లోపలికే రాదు. మామూలు నలుపు పూస్తే ఎండ వస్తుంది, వేడీ వచ్చిన దారినే పోతుంది.

ఎంత పోతుంది? 60 డిగ్రీల నల్లటి గోడ 10 డిగ్రీల గాజుకు ఎదురుగా ఉంటే చదరపు మీటరుకు సుమారు 330 వాట్లు వదులుకుంటుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ ఇచ్చేది మహా అయితే 1,000 వాట్లు. మూడో వంతే కదా అనుకోకండి. ఎండ పడేది గొట్టం వ్యాసమంత వెడల్పు మీదే, వేడి పోయేది చుట్టూతా. 330ని 3.14తో గుణించండి. వచ్చిందంతా పోయినట్టే! గాజు కొంత వెనక్కి పంపుతుంది గానీ, సాయంత్రానికి మిగిలేవి గోరువెచ్చని నీళ్లే.

ఇక్కడే పాఠ్యపుస్తకాల మీద నా కోపం. "వేడిని బాగా పీల్చుకునేది బాగా వదులుతుంది" అని కిర్కాఫ్ పేర పిల్లలతో బట్టీ పట్టిస్తారు. 1859లో ఆయన చెప్పింది అంతమాత్రమే కాదు. ఒక్కో తరంగదైర్ఘ్యం దగ్గర ఆ రెండూ సమానం అన్నాడు. ఆ షరతు ఎగరగొట్టేస్తే ఈ గీజరు పుట్టేదే కాదు. ఎండలోని శక్తి దాదాపుగా 3 మైక్రాన్ల లోపు తరంగాలది. 60 డిగ్రీల వస్తువు వదిలేది ముఖ్యంగా 9 మైక్రాన్ల చుట్టుపక్కల. ఇవి ఒకదానికొకటి ఎదురుపడవు. కాబట్టి ఎండకు కారునలుపుగా, పరారుణానికి అద్దంలా ఉండే పూత చెయ్యొచ్చు. ఇజ్రాయెల్‌లో హారీ టేబర్ 1955లో చేసి చూపించాడు. మెరిసే లోహం మీద పల్చటి నల్లపొర, అంతే. పొట్టి తరంగాలు పొరలో చిక్కుకుంటాయి. పొడుగు తరంగాలకు పొర ఉన్నట్టే ఉండదు, వాటికి అడుగున ఉన్న లోహమే ఎదురవుతుంది, లోహం వేడిని అంత తేలిగ్గా వదలదు. నేటి గొట్టాల మీద ఎక్కువగా అల్యూమినియం నైట్రైడ్ పూత ఉంటుంది. దాంతో ఆ 330 వాట్లు 20కి దిగుతాయి.

గొట్టం అడుగు కొస చూడండి, వెండి మచ్చ కనిపిస్తుంది. అది బేరియం, లోపల మిగిలిన వాయువును పీల్చేస్తుంది. గాలి చొరబడితే మచ్చ పాలలా తెల్లబడుతుంది. అప్పుడు గొట్టం మార్చాలి.

ఇప్పుడు స్లాబు. మే నెలలో 45 డిగ్రీలు దాటే కరీంనగర్‌లో కావాల్సింది సరిగ్గా దీనికి తలకిందులు. ఎండను తిప్పికొట్టాలి, పరారుణాన్ని ధారాళంగా వదలాలి. సున్నం ఆ పనే చేస్తుంది. కొత్తగా వేసిన తెల్లపూత ఎండలో సుమారు 80 శాతాన్ని వెనక్కి పంపుతుంది, పరారుణంలో మాత్రం నల్లరంగుకు ఏమాత్రం తీసిపోదు. కొత్త జింకు రేకు తళతళ చూసి చల్లగా ఉంటుందనుకునేవాళ్లు పొరబడేది ఇక్కడే. అది మింగిన కాస్త వేడినీ వదలలేక కాలిపోతుంది.

ఇక సబ్సిడీ. సోలార్ గీజర్లకు జాతీయ సౌర మిషన్ కింద 30 శాతం ఇచ్చేవారు, 2014లో ఆపేశారు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ కరెంటు పలకలకే: కిలోవాటుకు 30,000, రెండింటికి 60,000, మూడు, ఆపైన 78,000 రూపాయలు. పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి, కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్ నెట్‌మీటరు బిగించాక డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. పలక ఎండలో ఐదో వంతును కరెంటు చేస్తుంది, దాంతో మళ్లీ నీళ్లు కాచుకోవాలి! సగానికి పైగా నేరుగా వేడి చేసే గొట్టానికి మాత్రం పైసా లేదు. వేసవిలో గీజరు ఊరికే పడి ఉంటుంది, పలక ఏడాదంతా పనిచేస్తుంది అన్న వాదన ఉంది, ఒప్పుకుంటాను. అయినా కడుపు మండుతుంది.

స్లాబుకూ అంతే. 2023 ఏప్రిల్‌లో రాష్ట్రం కూల్ రూఫ్ విధానం తెచ్చింది, 300 చదరపు కిలోమీటర్ల లక్ష్యం పెట్టుకుంది. 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి చేసింది, చిన్న ఇళ్లకు మీ ఇష్టమంది. సున్నం ఖర్చు మీదే. గోదావరిఖని, మంచిర్యాల వైపు ఇళ్లయితే బొగ్గుదుమ్ముకు తెలుపు త్వరగా మాస్తుంది, ఏటా ఎండలు ముదరకముందే కడిగి మళ్లీ వేయాలి.