రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు గుర్తింపు వచ్చిన క్రమం

తెలుగునాట అంతటా కీళ్లవాతం అన్న ఒక్క మాట కిందికి వేర్వేరు వ్యాధులు వస్తాయి. వయసుతో మృదులాస్థి అరగడం వల్ల వచ్చే మోకాలి నొప్పి, యూరిక్ ఆమ్లం స్ఫటికాలుగా కీళ్లలో పేరుకోవడం వల్ల వచ్చే గౌట్, రోగనిరోధక వ్యవస్థే కీళ్ల లోపలి పొరపై దాడి చేయడం వల్ల వచ్చే రుమటాయిడ్ ఆర్థరైటిస్ దేనికవే ప్రత్యేకమైనవని తేల్చడానికి వైద్యులకు శతాబ్దాల పరిశీలన అవసరమైంది.

క్రీస్తుశకం 7-8 శతాబ్దాల నాటిదిగా భావించే ఆయుర్వేద గ్రంథం మాధవనిదానంలో ఆమవాతం అనే కీళ్లవ్యాధికి ప్రత్యేక అధ్యాయం ఉంది. సరిగా జీర్ణం కాని ఆహారరసమైన 'ఆమం' వాతంతో కలిసి కీళ్లకు చేరుతుందని చెప్పిన మాధవకరుడు, చేతులు, పాదాలు, చీలమండలు, మోకాళ్లలో వాపును, తేలు కుట్టినట్టుండే నొప్పిని, వాటితోపాటు జ్వరాన్ని, అరుచిని పేర్కొన్నాడు. ఈ లక్షణాల్లో కొన్ని రుమాటిక్ జ్వరానికీ సరిపోతాయి కనుక ఆమవాతాన్ని నేటి వ్యాధితో పూర్తిగా సమానం చేయలేము. అయినా కీళ్ల బాధను ఒళ్లంతటికీ సంబంధించిన రుగ్మతగా గ్రహించడం ఎంతో విలువైన పరిశీలన.

పారిస్‌లోని సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో వైద్యుడు లాండ్రే-బోవె 1800లో తొమ్మిదిమంది స్త్రీలను పరిశీలించి, సంపన్న పురుషుల వ్యాధిగా పేరుపడిన గౌట్‌కు భిన్నంగా, వారికి వచ్చిన కీళ్లవ్యాధి పేద స్త్రీలలో అనేక కీళ్లను పట్టి ఏళ్ల తరబడి పీడిస్తుందని రాసినా, దాన్ని గౌట్‌లోనే ఒక రకంగా లెక్కించారు. ఈ ముడిని విప్పినవారు లండన్ వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ గ్యారడ్. రక్తం నుంచి వేరుచేసిన ద్రవంలో అసిటిక్ ఆమ్లం కలిపి, అందులో సన్నని నారపోగు ఉంచితే, గౌట్ రోగి విషయంలో ఆ పోగుకు యూరిక్ ఆమ్ల స్ఫటికాలు పట్టేవి. ఆ ఆమ్లం అధికంగా కనిపించని కీళ్లవ్యాధిని విడిగా గుర్తించి, 1859లో ఆయన దానికి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని పేరు పెట్టారు.

వ్యాధి వేరని తేలాక దానికి తగిన మందు దొరకడంలో ఒక తెలుగువాడి పాత్ర ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ఔషధ సంస్థలో నడిపించిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనల నుంచి అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వెలువడ్డాయి. మొదట రక్తక్యాన్సర్‌కు వాడిన అమినోప్టెరిన్‌ను 1951లో రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు ప్రయత్నించగా, మెథోట్రెక్సేట్‌ను ఈ వ్యాధికి వాడేందుకు 1988లో అమెరికా అనుమతి లభించింది. వైద్యుల పర్యవేక్షణలో సాధారణంగా వారానికి ఒక్కసారే ఇచ్చే ఈ మందు నేటికీ చికిత్సకు మూలాధారం.

ఇప్పుడు రక్తపరీక్షలు ఎన్ని ఉన్నా, నిర్ధారణ మొదలయ్యేది ఆనాటి వైద్యులు అలవరచిన నిశిత పరిశీలనతోనే. రెండు చేతుల చిన్న కీళ్లూ వాచి, ఉదయం గంటకు పైగా బిగుసుకుపోతూ, ఆ స్థితి ఆరు వారాలైనా తగ్గకపోతే, వాతమేలే అని ఊరుకోకుండా వెంటనే వైద్యుణ్ని కలవాలి. చికిత్స ఎంత ముందుగా మొదలైతే కీళ్లు వంకర్లు పోకుండా నిలిచే అవకాశం అంత ఎక్కువ.