ఎంత సిగ్మాలో చూశావు?

పత్రికల్లో ప్రోటీన్ బొమ్మ అంటే రంగురంగుల రిబ్బన్లు, మెలికలు, బాణాలు. ప్రయోగంలో మాత్రం అవేవీ కనిపించవు. ప్రోటీన్ స్ఫటికం మీద ఎక్స్-కిరణాలు పడితే ఎలక్ట్రాన్లు వాటిని చెదరగొడతాయి, డిటెక్టర్ మీద వేల చుక్కలు పడతాయి. ఆ చుక్కల తీవ్రతలతో లెక్కగట్టి, స్ఫటికంలో ఏ చోట ఎలక్ట్రాన్లు ఎంత ఒత్తుగా ఉన్నాయో తేలుస్తాం. అదే ఎలక్ట్రాన్ సాంద్రత పటం, మా ల్యాబ్ మాటల్లో ‘మ్యాప్’. అందులో పరమాణువులను అమర్చేది మనుషులే. ఆ అమరికే మోడల్, రిబ్బన్ దాని మీద గీసిన బొమ్మ. అందుకే నా దగ్గర చేరిన పిల్లలకు ముందు మ్యాప్ తెరవమంటాను, మోడల్ సంగతి తర్వాత.

ఈ మ్యాప్‌ను కంటికి చూపించడమే ఒకప్పుడు పెద్ద పని. 1940లలో పెన్సిలిన్ నిర్మాణం తేల్చిన డొరోతి హాడ్జ్‌కిన్, సాంద్రత గీతలను పారదర్శకమైన పలకల మీద గీసి ఒకదానిపై ఒకటి పేర్చి చూపారు. మయోగ్లోబిన్ కోసం కేంబ్రిడ్జ్‌లో జాన్ కెండ్రూ బృందం దాదాపు 2500 నిలువు ఊచలు నిలబెట్టి, సాంద్రతను బట్టి వాటికి రంగు క్లిప్పులు తగిలించి, ఆ అడవి మధ్యలో నమూనా కట్టింది. ఇప్పుడు పాల్ ఎమ్స్‌లీ, కెవిన్ కౌటన్ రాసిన ‘కూట్’ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మౌస్ చక్రం తిప్పితే చాలు.

అసలు చిక్కు ఆ చక్రంతోనే మొదలవుతుంది. మ్యాప్‌లో ప్రతి బిందువు దగ్గరా ఒక సంఖ్య ఉంటుంది. ఒకే సంఖ్య ఉన్న చోట్లన్నీ కలిపి సాఫ్ట్‌వేర్ నీలం రంగు వల అల్లుతుంది. ఏ సంఖ్య దగ్గర అల్లాలో చెప్పేది మనం. చెరువు నిండుగా ఉంటే గుట్టల తలలే పైకి కనిపిస్తాయి, నీరు తీస్తే చిన్న దిబ్బలూ బయటపడతాయి, ఇంకా తీస్తే అడుగున ఉన్న బురదంతా తేలుతుంది. మ్యాప్‌లో ఆ నీటిమట్టాన్ని సిగ్మాలలో, అంటే మ్యాప్ సంఖ్యల ప్రామాణిక విచలనాల్లో, కొలుస్తాం. 1 నుంచి 1.5 సిగ్మా వరకు మామూలు. అంతకన్నా బాగా దించితే వలలో పడేది ఎక్కువగా గణితపు రొదే.

“మేడమ్, మందు అణువు దొరికింది!” అని పరుగున వచ్చే పిల్లలను నేనడిగే మొదటి ప్రశ్న “ఎంత సిగ్మాలో చూశావు?” అని. 0.5 అంటే కూర్చోబెట్టి మాట్లాడతాను.

మంచి మ్యాప్ ఎలా ఉంటుందో చూపడానికి ప్రోటీన్ డేటా బ్యాంకులోని 1సీబీఎస్ అనే నిర్మాణాన్ని తెరుస్తాను. విటమిన్-ఎ నుంచి వచ్చే రెటినోయిక్ ఆమ్లాన్ని పట్టుకున్న మానవ ప్రోటీన్ అది, స్పష్టత 1.8 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఆ ఆమ్లం చుట్టూ వల ఒక చివర ఉంగరంలా ఉబ్బి, పొడవాటి తోక వెంట సాగి, అవతలి చివర ఆర్జినిన్ 132, టైరోసిన్ 134ల దగ్గరికి చేరుతుంది. మోడల్‌ను తెరమీద దాచేసినా అక్కడేముందో వల ఆకారమే చెబుతుంది.

నీలంతో పాటు ఇంకో మ్యాప్ ఉంటుంది, ప్రయోగపు డేటాకూ మన మోడల్‌కూ మధ్య తేడాల మ్యాప్. దాన్ని దాదాపు 3 సిగ్మాల దగ్గర చూస్తాం. ఆకుపచ్చ ముద్ద కనిపిస్తే అక్కడ మనం పెట్టనిదేదో ఉందని అర్థం. చాలాసార్లు అదొక నీటి అణువే. ఎరుపు కనిపిస్తే, మనం పెట్టిన పరమాణువుకు అక్కడ సాక్ష్యం లేదని.

ఇక్కడొక మెలిక ఉంది. డిటెక్టర్ కిరణాల తీవ్రతనే నమోదు చేస్తుంది, దశను, అంటే తరంగపు శిఖరాలు ఒకదానితో ఒకటి ఎంత ముందువెనుకలుగా వచ్చాయన్నది, నమోదు చేయదు. ఆ దశలను మోడల్ నుంచే లెక్కగడతాం కాబట్టి, తప్పు మోడల్ కూడా మ్యాప్‌లో తన నీడ వేసుకోగలదు. అందుకే అనుమానమున్న అణువును మోడల్‌లోంచి తీసేసి, మళ్లీ సవరించి, కొత్తగా మ్యాప్ లెక్కిస్తాం. అప్పుడూ ఆకుపచ్చ ముద్ద అదే ఆకారంలో వస్తే నమ్మవచ్చు.

బొమ్మలు గీసే ‘పైమోల్’ సాఫ్ట్‌వేర్‌లో ‘కార్వ్’ అనే సదుపాయం ఉంది. ఎంచుకున్న పరమాణువులకు ఇంత దూరంలో ఉన్న వలనే చూపి, మిగిలినదంతా కోసేస్తుంది. బొమ్మ శుభ్రంగా కనిపించడానికి అవసరమే. కానీ సిగ్మా బాగా దించి, దగ్గరగా కోస్తే, లేని అణువుకు కూడా చక్కగా కుట్టిన చొక్కా తొడిగినట్టే ఉంటుంది. ఆ బొమ్మను నమ్మి కొత్త మందు రూపకల్పనకు దిగితే శ్రమ వృథా.

2008 నుంచి ఎక్స్-కిరణ నిర్మాణాలతో పాటు ప్రయోగపు డేటా కూడా డేటా బ్యాంకుకు ఇవ్వడం తప్పనిసరి. డేటా ఉన్న నిర్మాణాన్ని ‘మోల్‌స్టార్’లో, మామూలు బ్రౌజర్‌లోనే, మ్యాప్‌తో సహా ఎవరైనా చూసుకోవచ్చు. ఇంటర్మీడియట్ విద్యార్థి కూడా మట్టాన్ని పైకీ కిందికీ జరిపి పరీక్షించవచ్చు. మట్టం ఎంత, ఎంత దూరంలో కోశారు, అణువును తీసేసి లెక్కించిన మ్యాపేనా? బొమ్మ కింద ఈ మూడూ రాసి లేకపోతే, ఎంత పేరున్న పత్రికలో వచ్చినా నేను డేటా దించుకుని స్వయంగా చూశాకే ఆ నిర్మాణం గురించి మాట్లాడతాను.