పాములేటి కోనలో నొక నడక

వానలు వెనుకపట్టి రెండు నెలలైనను కొండవాగు ఎండక పాఱుచుండుట మనమందఱము ఎఱిగినదే. ఆకాశమునుండి చినుకు రాలని దినములలో ఆ నీరు ఎక్కడినుండి వచ్చుచున్నది? తలిదండ్రులు పిల్లలతో గూడి అడవికోనలో నొకపూట నడచినచో, ఈ ప్రశ్నకు సమాధానము కంటికే గోచరించును.

అట్టి నడకకు తగిన తావు తూర్పు కనుమలలోని మారేడుమిల్లి. ఇది రాజమహేంద్రవరమునకు ఉత్తరమున సుమారు 85 కిలోమీటర్ల దూరమున నున్నది. పాములేరను కొండయేఱు ఈ యడవులలో పాఱుచున్నది. కొండరెడ్లు ఇచ్చట తరతరములుగా నివసించుచున్నారు. వారిలో త్రోవ యెఱిగిన యొకరిని తోడు తీసికొనుట మేలు. నవంబరు మొదలు ఫిబ్రవరి వఱకు అనుకూలమైన కాలము. చిన్నపిల్లలున్నవారు రానుపోను మూడు కిలోమీటర్లకు మించి నడవ నక్కఱలేదు.

మొదట తలయెత్తి చూడుడు. మద్ది, వేగిస, తాని మున్నగు పెద్ద చెట్లు పైన గొడుగు పట్టినట్లుండును. వాని క్రింద వెదురుపొదలు, వెదురు క్రింద తీగలును గడ్డియు నుండును. వానచినుకు నేలను నేరుగా కొట్టక, ఆకునుండి ఆకునకు జాఱి మెల్లగా దిగును. జీలుగుచెట్టును పిల్లలకు తప్పక చూపవలెను. ఇది కొనయందు మొదటి గెల వేసి, క్రమముగా క్రిందికి గెలలు వేయుచు వచ్చి, తుదిగెల పండిన పిమ్మట చచ్చును. కొమ్మలలో పెద్ద గూడువంటి ఆకులముద్ద కనబడినచో, అది బెట్టుడుత నివాసము కావచ్చును.

పిమ్మట నేలను చూడుడు. ఇచ్చట పిల్లలు చేయదగిన చిన్న పరీక్ష యొకటి కలదు. ఒక చెంబెడు నీటిని, మనుష్యులు త్రొక్కి గట్టిపడిన కాలిబాటపై పోయుడు. నీరు మట్టిని కలుపుకొని పల్లమునకు పరుగెత్తును. అంతే నీటిని చెట్టుక్రింద రాలుటాకులపై పోయుడు. అది క్షణములో మాయమగును. ఆకులను తొలగించి చూచినచో నల్లని మెత్తని మన్నును, వేళ్లును, పురుగులు త్రవ్విన రంధ్రములును కనబడును. నీరు పోయినది ఆ రంధ్రములలోనికే. వానకాలమున ఇట్లు ఇంకిన నీరు రాతిపగుళ్లలో నిలిచి, శీతకాలమంతయు ఊటలుగా వాగులోనికి దిగుచుండును. వేసిన ప్రశ్నకు ఇదియే సమాధానము. అడవిని నఱకిన కొండపై వాన పడినచో, కాలిబాటపై నీటివలెనే నీరును మన్నును ఒక్కసారి కొట్టుకొనిపోవును. పిమ్మట వాగు త్వరగా ఎండును.

అయితే అడవి దాచుకొను నీటికిని హద్దు కలదు. ఎడతెగని వానలకు నేల నిండినప్పుడు తరువాత పడిన వాన ఇంకజాలక వాగులోనికే ఉఱుకును. కొండల వాలు ఎక్కువగుటచే వరద నిమిషములలో వచ్చును. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి చేరువనున్న జలతరంగిణి జలపాతమువద్ద విహారమునకు వచ్చిన వైద్యవిద్యార్థులు ముగ్గురు ఇట్టి వరదలో ప్రాణములు కోల్పోయిరి.

కావున వానకాలమున వాగులో దిగరాదు. తక్కిన కాలమునను, మన నెత్తిపై ఎండ కాయుచున్నంత మాత్రమున ఎగువను వాన లేదని తలపరాదు. తేటనీరు హఠాత్తుగా బురదరంగు తిరుగుట, ఆకులును పుల్లలును గుంపులుగా కొట్టుకొనివచ్చుట, ఎగువనుండి హోరు వినబడుట—వీనిలో ఏ యొక్కటి కనిపించినను, వస్తువులకై వెనుదిరుగక వెంటనే గట్టెక్కవలెను. పిల్లలు నీటి యొడ్డున నున్నంతసేపు పెద్దవారిలో నొకరు ఎగువదిక్కు చూచుచునే యుండవలెను.

తెచ్చిన కాగితములను, ప్లాస్టిక్ సంచులను మరల ఇంటికే కొనిపోవలెను. రాలిన ఆకులను మాత్రము ఊడ్చి మంట వేయకుడు. వేసవిలో వాగుకు నీరిచ్చునవి అవియే.